బీలలు, పక్షులు, పరిశోధన ద్రవ్యము

పూర్వమునుండియు వచ్చుచున్న గ్రామ లెక్కలయందు నేలకు ముఖ్యముగా రెండే జాతులు. పైరు పండునది యొకటి, పండనిది యొకటి. పండని నేలకు బంజరనియు, పోరంబోకనియు, బీడనియు పేళ్లుపెట్టి, తుదకు పనికిరానిదని వ్రాసి లెక్క ముగించుట వాడుక. కాని గ్రామమున కాపురముండు వానికి ఆ నేలయొక్క పని తెలియకపోదు. పశువులు మేయునది అందే. తుంగయు, జమ్మును, చేపయు దొరకునది అందే. వాననీరు నిలిచి, ఇంకి, మన నూతులకు ఊట చేరునది అందుండియే. పక్షులును వన్యమృగములును ఆశ్రయించియున్నదియు ఆ నేలనే.

అట్టి నేలయొక్క నిజమైన విలువ తెలియవలెనన్న పరిశోధన కావలెను. పరిశోధనకు ద్రవ్యము కావలెను. ఆ ద్రవ్యమును ఎవ్వరు పెట్టవలెను, ఏ రీతిని పెట్టవలెను అను ప్రశ్నను ఈ మాసము మన సభ్యుల యెదుట నుంచుచున్నాము. ఇది పట్టణములందలి పండితులకు విడిచిపెట్టదగిన విషయమని కొందఱు తలపవచ్చును. అట్లు విడిచిపెట్టినందువలన రైతునకు కలుగు నష్టమును, విడువనిచో కలుగు లాభమును మన ప్రాంతపు నిదర్శనములతోనే చూపుట మా యుద్దేశము.

రెండు గ్రామములు

శ్రీకాకుళము జిల్లా టెక్కలి మండలమందలి తేలినీలాపురమును, ఇచ్ఛాపురము మండలమందలి తేలుకుంచియు పక్షులవలన పేరుగన్న గ్రామములు. తేలినీలాపురమునకు ఏటేట సెప్టెంబరు మొదలుకొని గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును వేలకొలది వచ్చును. ఊరి చెట్లపై గూళ్లుకట్టి, గ్రుడ్లుపెట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదురక మునుపే వెడలిపోవును. గూళ్లు ఊరియందే యైనను ఆహారము మాత్రము ఊరియందు లేదు. నౌపడా ఉప్పుమళ్లు, వాని చుట్టునున్న తంపర నేలలు, టెక్కలి ప్రాంతపు చెఱువులు ఆ పక్షులకు వంటశాలలు.

తేలుకుంచికి వచ్చునవి గుల్లకొంగలు. తొలకరితో వచ్చి, వరి పొలములు నీటితో నిండియుండు కాలమంతయు నుండి, చలికాలమున పోవును. ఈ పక్షి ముక్కును దగ్గఱనుండి చూచినవారికి ఒక వింత కానవచ్చును. పైముక్కునకును క్రిందిముక్కునకును నడుమ సందుండును. పిల్లలకీ సందు లేదు; పెరిగినకొలది ఏర్పడును. ఈ ముక్కుతో మడియందలి నత్తను పట్టి, గుల్ల పగులకుండనే లోని మాంసమును లాగికొనును. తిని విడిచిన గుల్లలు గట్లపై పడియుండుట మన రైతు లనేకులు చూచియేయుందురు.

ఈ రెండు గ్రామములవారును పక్షుల రాకను శుభముగా నెంచుదురు. పక్షి రాని యేడు వానయు రాదని పెద్దల నమ్మిక. వేటాడుటను ఒప్పుకొనరు. కాని ఈ యాదరణకు ఖర్చు లేకపోలేదు. గూళ్లున్న చెట్టుక్రింద నిలువలేని కంపు పుట్టును. ఇంటి కప్పులపైనను, ఎండబోసిన ధాన్యముపైనను రెట్టలు పడును. గూళ్లు నిండిన చింతచెట్టు కాపు తగ్గును. ఇది తరతరములుగా ఆ గ్రామములవారు లోకమునకు చెల్లించుచున్న చందా. ఏ లెక్కపుస్తకమునందును దీనికి పద్దు లేదు.

సైబీరియా మాట

ఈ పక్షులు సైబీరియానుండి వచ్చుచున్నవని మన ప్రాంతమున వాడుకగా చెప్పుకొందురు. వినుటకు ఇంపైన మాటయే కాని నిజము కాదు. మనకు చలికాలమున ఉత్తర దేశములనుండి వచ్చు పక్షులు లేకపోలేదు. బాతులును, ఉల్లంకులును పెక్కు అట్టివే. కాని అవి ఇచట గ్రుడ్లు పెట్టవు. గూడబాతు, ఎఱ్ఱకాళ్ల కొంగ, గుల్లకొంగ యను మూడును దక్షిణాసియా దేశములకు చెందిన పక్షులు. ఇచటనే పుట్టి, నీటిని బట్టియు, మేతను బట్టియు ఒక ప్రాంతమునుండి మఱియొక ప్రాంతమునకు తిరుగునవి. వీని పుట్టినిల్లు మన చెట్టే.

ఈ సంగతి ఎట్లు తెలిసినది? పక్షిని పట్టి, కాలికి అంకెవేసిన తేలికయైన ఉంగరము తొడిగి విడిచి, అది మరల ఎచట దొరకునో వ్రాసికొనుటవలన తెలిసినది. 1883 లో స్థాపింపబడిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు ఈ పనిని 1927 లో ఆరంభించిరి. భరత్‌పూరులో ఉంగరము తొడిగిన గుల్లకొంగ యొకటి సుమారు 800 కిలోమీటర్లు తూర్పున దొరికినది. థాయిలాండులో తొడిగినవి బంగ్లాదేశమున దొరికినవి. ఈ పని పెద్దయెత్తున సాగుటకు 1959 నుండి ద్రవ్యసహాయ మొసగినది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 1957 లో మైసూరు రాష్ట్రమున కైసనూరు అడవిజ్వరము బయలుపడగా, దానిని వ్యాపింపజేయు పిడుదులను దూరదేశ పక్షులు మోసికొని వచ్చుచున్నవేమో యను అనుమానము కలిగినది. అనగా సొమ్ము వచ్చినది పక్షిపై ప్రేమచేత గాదు, మనుష్యుల ప్రాణభయముచేత. ఐనను దానివలన పుట్టిన జ్ఞానము అందఱికి నుపయోగించినది.

ఈ జ్ఞానము మనకేల? పక్షి సైబీరియాది యైనచో అది అతిథి. ఈ యేడు రాకున్న మఱియొకచోటికి పోయినదని యూరకుండవచ్చును. అది మనదే యైనచో, దాని బాగోగులకు మన చెఱువులే పూచీ. నౌపడా తంపర యెండినను, చెడినను తేలినీలాపురము గూటిలోని పిల్లకు ఆకలి. ఊరిచెట్లను కాపాడి మేత నేలను విడిచినచో, పశువునకు కొట్టము కట్టి గడ్డి వేయనట్లే యగును. 2023 లో ఆ తీరముననే మూలపేట రేవు నిర్మాణము ఆరంభమైనది. అట్టి పెద్ద పనులకు ముందును వెనుకను నీరెట్లున్నది, చేపయెట్లున్నది, పక్షి యెట్లున్నది యను లెక్క యుండుట తీరవాసులకందఱికి నవసరము.

చావునకు కారణము తెలియుట

2021 చివరను, 2022 మొదటను తేలినీలాపురమున గూడబాతులు చెట్లపైనుండి రాలి చచ్చినవి. చచ్చినవి నూటికి పైమాట. ఇట్టి చావు జరిగినపుడు ఊరివారికి నిద్ర పట్టదు. విషమా? నీరు చెడినదా? పక్షిజ్వరమా? పక్షిజ్వరమే యైనచో పెరటికోడి గల ప్రతి యింటికిని, కోళ్లఫారము గల ప్రతి రైతునకును ముప్పే. చచ్చిన పక్షులను కోసి పరీక్షింపగా, కడుపులోని నులిపురుగుల బాధయే కారణమని పశువైద్యులు తేల్చిరి. పక్షి తిను చేపల మూలమున ఈ పురుగు సంక్రమించును.

సభ్యులు ఈ యొక్క సంగతిని చక్కగా ఆలోచింపవలెను. కారణము తెలియుటకు ఒక వైద్యుడు, ఒక పరీక్షాలయము, కొన్ని దినముల పని కావలసివచ్చినది. అంత మాత్రము లేకున్న భయమే రాజ్యమేలెడిది. గూళ్లున్న చెట్లను నఱికివేయుడని ఎవ్వరైన సలహా చెప్పెడివారేమో. పరిశోధన యనునది పక్షికి మాత్రమే మందు కాదు. ఊరి భయమునకును అది మందు.

పరిశోధన లేనిచోట ఏమి జరుగునో చూపు నిదర్శనము మన తెలుగుదేశముననే గలదు. పశ్చిమ గోదావరి జిల్లాయందు కొల్లేటికి చేరువనున్న ఆరేడు గ్రామమున గొప్ప గూడబాతుల నిలయ ముండెడిది. కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1946 లో దానిని చూచి, 1949 లో బొంబాయి సంఘ పత్రికయందు వర్ణించెను. 1970వ దశాబ్దము నాటికి ఆ నిలయము శూన్యమైనది. ఆ నడుమ ఏటేట లెక్కించినవాడు లేడు. లెక్క యున్నచో తఱుగుదల మొదలైన మూడవయేటనే తెలిసియుండెడిది. ఊరిలో ధాన్యపు కొట్టు ఖాళీయగుచుండగా మట్టము చూడనివాడు అడుగు కానవచ్చిన దినముననే మేలుకొనును.

బీల, తంపర

సోంపేట ప్రాంతపు బీలను గూర్చి మన జిల్లాలో వినని రైతు లేడు. వానకాలమున నీరు నిలిచి, వేసవిలోను చెమ్మ విడువని పల్లపు నేల యది. చుట్టుప్రక్కల పొలములకు నీరును, మత్స్యకారులకు చేపయు, పశువులకు మేతయు దానివలననే. అచట థర్మల్ విద్యుత్కేంద్రము నిర్మింప తలపెట్టినపుడు, ఆ నేలను పనికిరాని నేలగా చూపిరి. రైతులును మత్స్యకారులును ఎదిరించిరి. 2010 జూలై 14వ తేదీన పోలీసు కాల్పులలో ప్రాణనష్టము జరిగినది. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పిలేటు అధికార సంస్థవారు, అది తడినేల యను సంగతిని గుర్తించి, కేంద్రమువారిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసిరి. మఱుసటి సంవత్సరము ఫిబ్రవరి మాసమున కాకరాపల్లి తంపరను గూర్చిన వివాదమునందును కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి.

విద్యుచ్ఛక్తి వలదని మేము చెప్పము. మన మోటార్లు దానిచేతనే నడచుచున్నవి. మేము చెప్పున దొక్కటియే. ఒక నేలపై నిర్ణయము చేయకమునుపు ఆ నేల యేమిటో తెలిసికొనవలెను. బీలయందు ఎంత నీరు నిలుచును, ఎన్ని జాతుల చేపలున్నవి, ఎన్ని పక్షులు మేయుచున్నవి, ఎన్ని కుటుంబములు బ్రతుకుచున్నవి యను లెక్క ముందుగానే సిద్ధమై, ముద్రింపబడి, తాలూకా కచ్చేరీయందును పంచాయతీయందును ఉండినచో, పనికిరానిదను మాట అంత సులభముగా కాగితమున కెక్కదు. అంకెలు లేనిచోట రైతు తన రొమ్మును అడ్డముపెట్టవలసి వచ్చినది. పరిశోధనకు పెట్టని సొమ్ము ఎచటికి పోవునో, ఎంత ఘోరమైన వడ్డీతో తిరిగివచ్చునో దీనివలన తెలిసికొనవచ్చును.

రోళ్లపాడు నేర్పిన పాఠము

ఐనచో సొమ్ము వచ్చి, పరిశోధన జరిగినంతమాత్రమున అంతయు చక్కబడునా? చక్కబడదు. దీనికి రోళ్లపాడు సాక్ష్యము. నేటి నంద్యాల జిల్లాయందలి రోళ్లపాడు గడ్డిబయళ్లలో బట్టమేక యను పెద్ద పక్షి యుండెడిది. మనిషి నడుమెత్తుండి, బరువున ఎగురగల పక్షులలో అగ్రగణ్యమైనది. 1980వ దశాబ్దమున బొంబాయి సంఘమువారు అమెరికా ప్రభుత్వ వన్యప్రాణి శాఖవారి ద్రవ్యసహాయముతో అచట ఏండ్లతరబడి పరిశోధన సాగించిరి. పక్షి యేమి తినును, ఎచట గ్రుడ్డు పెట్టును, ఏటికెన్ని పెట్టును అను సంగతులు తేలినవి. ఏటికి సామాన్యముగా ఒక్క గ్రుడ్డే. అదియు వట్టి నేలమీద. 1988 లో సుమారు 614 హెక్టారుల నేలను అభయారణ్యముగా ప్రకటించిరి.

కాని పక్షికి కావలసినది ఆ కంచెలోని నేల మాత్రమే కాదు. చుట్టునున్న మెట్టచేలును, పచ్చికబీళ్లును దాని రాజ్యములోనివే. కాలువ నీరు వచ్చి పైరులు మాఱినవి. కంచెలో కృష్ణజింకలు పెరిగి బయటి చేలపై పడినవి. పైరు పోయిన రైతునకు అభయారణ్యము పొరుగునున్న శత్రువువలె తోచినది. నేడు రోళ్లపాడున బట్టమేక కానవచ్చుట గగనమైనది. దేశమంతటను మిగిలినవి సుమారు నూటయేబది యని యంచనా. అందును హెచ్చుభాగము రాజస్థానముననే. పక్షిని గూర్చి చదివిరి, మంచిదే. రైతు ఆదాయవ్యయములనుగూడ అంత శ్రద్ధగా చదివి, నష్టమునకు తగిన యేర్పాటు చేసియున్నచో ఫలితము వేఱుగా నుండెడిదేమో. పరిశోధన ద్రవ్యములో రైతునకు చోటు లేనిచో, ఆ పరిశోధన కాగితమునందు పండి పొలమున ఎండును.

అమెరికా మాచిపత్రి బయళ్లు

ఈ చిక్కును మఱియొక దేశమువారు ఎట్లు విడదీయ జూచిరో తెలిసికొందము. వినాయక చవితి పత్రిలో మనము మాచిపత్రి వాడుదుము గదా. ఆ కుటుంబమునకే చెందిన బూడిదవన్నె పొద యొకటి అమెరికా పడమటి రాష్ట్రములందు కోట్లకొలది ఎకరముల వ్యాపించియున్నది. దానిని వారు సేజ్‌బ్రష్ అందురు. వ్యవసాయమునకు కొఱగాని నేలగా దానిని చాలకాలము చూచి, పొదలను దున్నియు, కాల్చియు గడ్డి వేసిరి. ఆ పొదలయందే సేజ్ గ్రౌస్ అను కోడివంటి పక్షి యున్నది. చలికాలమంతయు దాని యాహారము ఆ పొద ఆకే. వసంతమున పుంజులు ఒక బయలున గుమికూడి రొమ్ములు పొంగించి ఆడును. పొద తఱిగిన కొలది పక్షియు తఱిగినది.

2010 లో ఆ దేశ ప్రభుత్వము ఈ పక్షిని రక్షిత జాతుల పట్టికలో చేర్పదగినదే యని చెప్పెను, కాని అంతకన్న తొందరపనులున్నవని వాయిదా వేసెను. పట్టికలో చేరినచో పశువులు మేపు రైతులపై అనేక నిర్బంధములు పడును. అప్పుడు వ్యవసాయశాఖవారు ఒక క్రొత్త పద్ధతి నవలంబించిరి. పక్షి సొమ్మును కచ్చేరీలలో కాక రైతు పొలముననే వెచ్చింప నిశ్చయించిరి. పొదబయళ్లను ఆక్రమించుచున్న చెట్లను తీసివేయుటకును, మేతను వంతులుగా మేపుటకును, నేలను ముక్కలు చేసి అమ్మకుండుటకును ఒప్పుకొన్న రైతునకు ద్రవ్యసహాయము చేసిరి. లక్షలకొలది ఎకరములు ఈ పద్ధతిలోనికి వచ్చినవి. 2015 లో ప్రభుత్వము, పక్షిని పట్టికలో చేర్పనక్కఱలేదని ప్రకటించెను. ఆ నిర్ణయముపై వాదము లేకపోలేదు. పక్షి కష్టములును తీఱలేదు. విదేశపు గడ్డి యొకటి వ్యాపించి, తొందరగా ఎండి, కార్చిచ్చులకు కారణమగుచున్నది. మన బీళ్లను సర్కారుతుమ్మయు, చెఱువులను గుఱ్ఱపుడెక్కయు ఆక్రమించుట చూచినవారికి ఈ సంగతి వింత కాదు.

ఇందు మనము గ్రహింపవలసినవి రెండు. మొదటిది, పరిశోధన ఖర్చును తగ్గించును. పొదబయళ్లలోని కంచెతీగెలకు కొట్టుకొని పక్షులు చచ్చుచుండగా, ఏ కంచె యెచట ప్రమాదకరమో పరిశోధకులు కనిపెట్టిరి. అట్టి తీగెలకు చిన్న తెల్లని బిళ్లలు తగిలించినంతనే చావులు చాలవఱకు తగ్గినవి. కంచెలన్నియు పీకివేయ నక్కఱలేకపోయినది. రెండవది, సొమ్మునకు నిలుకడయైన మూలము వారేర్పఱచికొనిరి. 1937 లో చేసిన శాసనముచేత తుపాకులపైనను, తూటాలపైనను విధించు పన్నును వన్యప్రాణుల పరిశోధనకును, వాని నివాసముల పునరుద్ధరణకును రాష్ట్రములకు పంచుచున్నారు. వేటవలన నష్టపడు వస్తువునకు వేటకాడే పన్ను చెల్లించును. ఏటేట యాచింపక వచ్చు సొమ్మది.

రైతు అడుగు ప్రశ్నలు

ఎరువుల ధర పెరిగి, కూలి పెరిగి, జీడిమామిడికి గిట్టుబాటు లేని కాలమున పక్షుల కొఱకు సొమ్మేల యని రైతు అడుగుట న్యాయమే. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఉద్దానమును ఊడ్చివేసినపుడు కొబ్బరిచెట్టు పోయినవాని దుఃఖము మేమెఱుగుదుము. ఆ దుఃఖముతో పక్షి దుఃఖమును సరితూచుటకు మేము రాలేదు. కాని శ్రీకాకుళము సన్నాలు అను వరి రాగోలు పరిశోధన కేంద్రమున ఎట్లు పుట్టినది? ప్రజల సొమ్ముతో, ఏండ్లతరబడి ఓర్పుతో, ఏటేట లెక్కవ్రాయుటచే పుట్టినది. ఆ పని జరుగుచున్న దినములలో దానివలన ఏ రైతునకును గింజయైన రాలేదు. పరిశోధన ఫలము ఆలస్యముగా వచ్చును, కాని వచ్చినపుడు అందఱి యింటికిని వచ్చును. గుల్లకొంగ మన మడిలోని నత్తలను ఏరుచున్నదని కన్నులార చూచుచున్నాము. ఒక ఋతువునందు ఎకరమున కెన్ని ఏరుచున్నదో లెక్క కట్టినచో, పురుగుమందు సంచిపై ఎంత మిగులునో రైతునకు రూపాయలలో చెప్పవచ్చును.

పక్షివలన నష్టపడినవానికి పరిహారమేది యను ప్రశ్నయు న్యాయమే. కర్ణాటకమున కొక్కరె బెళ్లూరు అను గ్రామమున తేలినీలాపురమందువలెనే గూడబాతులును ఎఱ్ఱకాళ్ల కొంగలును ఊరి చింతచెట్లపై గూళ్లు కట్టును. గూళ్లు గల చెట్టునకు కాపు తగ్గుటచేత, అచటి అటవీశాఖవారు చెట్టు యజమానికి సొమ్ము చెల్లించు నేర్పాటు చేసిరి. 2007 లో ఆ గ్రామము సామాజిక రక్షిత ప్రదేశముగా ప్రకటింపబడినది. ఇది దయ కాదు, బాడుగ. మన గ్రామములకును అట్టి బాడుగ నడుగు హక్కు గలదని మా యభిప్రాయము. అడుగుటకు మాత్రము లెక్క కావలెను. ఏ చెట్టుపై ఎన్ని గూళ్లు, కాపు ఎంత తగ్గినది యని చూపనివాడు బాడుగ ఎట్లు వసూలు చేయగలడు?

పూర్వులు ఇట్టి పని చేయలేదా? చేసిరి. చెంగల్పట్టు ప్రాంతపు వేదాంతంగల్ రైతులు, చెఱువునందలి చెట్లపై వాలు పక్షుల రెట్టలచే నీరు సారవంతమై పైరు బాగుగా పండుచున్నదని గ్రహించి, పక్షులను సిపాయీలు కాల్చుచుండగా కలెక్టరుతో మొఱపెట్టుకొని, 18వ శతాబ్దము చివర రక్షణకై కౌలు పొందిరి. 1858 లో దానిని మరల స్థిరపఱచుకొనిరి. ఆ కౌలు నడిగినవారు పండితులు కారు, రైతులు. తమ పొలమున కేది మేలో కనిపెట్టి, దానిని వ్రాతపూర్వకముగా చేయించుకొనిరి.

సంఘములు చేయదగినవి

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలందలి సహకార సంఘముల యెదుట ఈ క్రింది పనుల నుంచుచున్నాము. ఇందు వేటికిని గొప్ప ధనము కావలసిన పని లేదు.

మొదటిది లెక్క. ఒక్కయేటి వాన ఏమియు చెప్పదు, ముప్పదియేండ్ల వానలెక్క అంతయు చెప్పును. పక్షుల లెక్కయు నట్టిదే. గ్రామమున ఒక చెఱువునో, గెడ్డనో, బీలనో ఎన్నుకొని, మాసమున కొక నియమిత దినమున ఉదయము ఒకే చోట నిలిచి, కానవచ్చిన పక్షులను, నీటిమట్టమును, కలుపును వ్రాయవలెను. పాఠశాల ఉపాధ్యాయుడును, పెద్ద తరగతి విద్యార్థులును ఈ పనికి తగినవారు. పుస్తకము సంఘపు కచ్చేరీలో నుండవలెను.

రెండవది శాసనము నుపయోగించుకొనుట. 2002 నాటి జీవవైవిధ్య చట్టముచేత ప్రతి స్థానిక సంస్థయందును జీవవైవిధ్య యాజమాన్య సంఘ ముండవలెను. అది ప్రజల జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయవలెను. అనేక గ్రామములలో ఈ రిజిస్టరు బీరువాకు బరువుగా మాత్రమే యున్నది. దానిని తెఱపించి, మన బీల, మన తంపర, మన చెఱువు, అందలి చేప, పక్షి, మొక్క అన్నియు మన నోటి పేళ్లతో వ్రాయింపవలెను. 2017 నాటి తడినేలల నియమములక్రింద మన నేలను గుర్తింపుడని పంచాయతీ తీర్మానముతో కోరవలెను. సోంపేటయందు లేకపోయిన కాగితము ఇదియే.

మూడవది చెట్టు. తుపానులకు పెద్దచెట్లు కూలిన గ్రామములందు చింత, రావి, మఱ్ఱి, కానుగ మొక్కలను చెఱువుగట్లపై నాటవలెను. నేడు నాటిన చింత మన బిడ్డలనాటికి గూటిచెట్టగును. గట్టును గట్టిపఱచును, నీడ నిచ్చును, కాపును ఇచ్చును.

నాలుగవది సొమ్ము. సంఘ నియమావళి అనుమతించు మేరకు లాభమునుండి సామాన్య శ్రేయస్సునకై తీయు మొత్తములో స్వల్పభాగమును ఈ లెక్కపనికి కేటాయింపవలెను. ఒక దూరదర్శిని, కొన్ని పుస్తకములు, చచ్చిన పక్షిని పరీక్షకు పంపు ప్రయాణపు ఖర్చు, ఇంత చాలును. పెద్ద పరిశోధనకు కావలసిన పెద్ద సొమ్ము ప్రభుత్వమునుండియు, విశ్వవిద్యాలయములనుండియు, ఈ తీరమున పెద్ద పనులు చేపట్టి లాభించు వారినుండియు రావలెను. కాని స్వంత లెక్క చేతనున్న గ్రామము అడిగినపుడు ఇచ్చువాడు వినును. వట్టిచేతులతో అడిగినపుడు వినడు. సహకారోద్యమ మర్మమే యిది. చిన్న వాటాలు కూడి మూలధనమగును. మూలధనమున్నచోటికే పెద్దబ్యాంకు అప్పు వచ్చును.

ఐదవది, పరిశోధకుడు గ్రామమునకు వచ్చినపుడు మనము పెట్టవలసిన షరతు. అతడు కనిపెట్టిన దానిని తెలుగున వ్రాసి, గ్రామసభలో చదివి వినిపించి, ప్రతిని సంఘమునకు ఇచ్చి పోవలెను. మన చెట్టుపై కూర్చున్న పక్షిని గూర్చిన జ్ఞానము మనకు తెలియని భాషలో, మనకు దొరకని గ్రంథమున ఉండిపోరాదు.

రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందుగనే ప్రతి సంఘమును ఈ విషయమును కార్యక్రమ పట్టికలో చేర్చి, ఏ నేలను ఎన్నుకొన్నది, లెక్క యెవ్వరికి ఒప్పగించినది తీర్మానముగా వ్రాసి మాకు పంపవలెనని కోరుచున్నాము. అట్లు వచ్చిన గ్రామముల పేళ్లను, వారి మొదటి మాసపు లెక్కలను ఈ పత్రికయందు వరుసగా ప్రకటింతుము. తొలకరికి గుల్లకొంగలు వరిమళ్లలో దిగును. అప్పటికి పుస్తకము తెఱచియుండుట మంచిది.